మోరిస్ మైనర్ సెల్ఫ్ నాబ్: పాత స్విచ్ ఉంచి, దాని మీది భారం తీసేసిన పద్ధతి – నా అనుభవం

1956 తర్వాత 948 సీసీ ఇంజన్‌తో వచ్చిన తొలి మోరిస్ మైనర్ 1000 బండ్లలో తాళం తిప్పితే సెల్ఫ్ తిరగదు. తాళం ఇగ్నిషన్‌కే. సెల్ఫ్‌కు డాష్‌బోర్డు మీద చోక్ నాబ్ పక్కనే ఇంకో నాబ్ ఉంటుంది. దాన్ని లాగితే ఒక ఇనప తీగ ఇంజన్ వెనక రేకు మీదున్న స్విచ్ మీటను లాగుతుంది. ఆ స్విచ్‌లో పెద్ద యంత్రాంగమేమీ లేదు: రెండు రాగి కాంటాక్టులు, వాటిని కలిపే రాగి పట్టీ, ఒక గట్టి స్ప్రింగు. సోలనాయిడ్ (సన్న కరెంటు ఇస్తే అయస్కాంతంలా లాగి లావు కరెంటును కలిపే స్విచ్) లేదు, రిలే (అదే పద్ధతిలో పని చేసే చిన్న స్విచ్) లేదు. బ్యాటరీ నుంచి సెల్ఫ్ మోటారుకు పోయే కరెంటంతా ఆ పట్టీ మీదుగానే పోతుంది.

ఇంజన్ తిరుగుతున్నప్పుడు అది సుమారు 150 ఆంపియర్లు. మోటారు ఎక్కడైనా పట్టేసిందంటే 400 దాటుతుంది. అంత కరెంటును కలిపి ఉంచే నొక్కుడు మన చేతి నుంచే రావాలి. నాబ్‌ను ఒక్క ఊపున చివరిదాకా లాగితే పట్టీ గట్టిగా కూర్చుంటుంది. పాత బండి కదా, సుతారంగా చూసుకుందామని మెల్లగా లాగేవాళ్లే ఎక్కువ. ఈ స్విచ్‌కు అదే విషం. పట్టీ అంచు మాత్రమే తగిలి నిప్పురవ్వలు లేస్తాయి, రాగి మీద గుంటలు పడతాయి. మర్నాడు అదే గుంట మీద మళ్లీ రవ్వ. కొన్నేళ్లకు కాంటాక్టు నల్లబడి, పుచ్చుపట్టిన పన్నులా తయారవుతుంది.

మా బండి లక్షణం ఇది: పొద్దున చల్లగా ఉన్నప్పుడు సెల్ఫ్ బాగానే తిరుగుతుంది. మే నెల మధ్యాహ్నం ట్యాంక్ బండ్ దాటొచ్చి ఇంజన్ ఆపి, పది నిమిషాల తర్వాత లాగితే మూలుగుతుంది. ఇలాంటప్పుడు అందరూ ముందు బ్యాటరీ మార్చమంటారు, తర్వాత సెల్ఫ్ మోటారు విప్పమంటారు. రెండూ చేసే ముందు మీటరు పెట్టి చూడాలి.

కొలిచే పద్ధతి. మల్టీమీటరు 20 వోల్టుల డీసీ మీద పెట్టి, ఒకరు నాబ్ లాగుతుంటే ఇంకొకరు చూడాలి. తాళం ఆఫ్‌లోనే ఉండనివ్వండి. ఈ బండిలో సెల్ఫ్‌కు తాళంతో పని లేదు కాబట్టి ఇంజన్ అందుకోకుండా తిరుగుతుంది, మీటరు అంకె చూసుకోవడానికి నాలుగు సెకన్లు దొరుకుతాయి. గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో రెండుసార్లు చూసుకోండి. బ్యాటరీ రెండు పోస్టుల మధ్య 10.1 వచ్చింది. సెల్ఫ్ మోటారు టెర్మినల్‌కు, దాని బాడీకి మధ్య 8.6. అంటే ఒకటిన్నర వోల్టు దారిలోనే పోతోంది. ఎక్కడ పోతోందో తెలియాలంటే ఒక్కో ముక్కకు అటూ ఇటూ మీటరు పెట్టాలి. స్విచ్ రెండు బోల్టుల మధ్య 0.9, కేబుళ్లలో 0.3, ఎర్త్ వైపు, అంటే బాడీ మీదుగా బ్యాటరీకి తిరిగి చేరే దారిలో, 0.3. కేబుళ్ల మీద, ఎర్త్ మీద పెద్దగా పేచీ లేదు. దొంగ స్విచ్‌లోనే ఉన్నాడు.

0.9 వోల్టు, 150 ఆంపియర్లు. గుణిస్తే 135 వాట్లు. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్లు ఐదు తెచ్చి ఆ చిన్న డబ్బాలో పెట్టినంత వేడి. ఎండకు ముందే కాగి ఉన్న ఇంజన్ గదిలో ఆ రాగి ఇంకా వేడెక్కుతుంది, వేడెక్కిన కొద్దీ నిరోధం పెరుగుతుంది. మధ్యాహ్నం మూలుగుడు వెనక ఉన్నది ఇదే.

ఈ సమస్యకు మామూలుగా మిస్త్రీలు చెప్పే మందు ‘కీ స్టార్టర్ పెట్టేద్దాం సార్’. లేదంటే డాష్‌బోర్డు కింద ఒక పుష్ బటన్. రెండూ పని చేస్తాయి. నాకు రెండూ నచ్చలేదు. కీ స్టార్టర్ పెడితే ఆ నాబ్ ఉత్సవ విగ్రహం అవుతుంది. బటన్ పెట్టాలంటే రేకుకు కన్నం పడుతుంది, అరవై ఏళ్ల రేకుకు పడ్డ కన్నం మళ్లీ పూడదు. పైగా 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల్లో, 50 ఏళ్లు దాటిన బండి అసలు రూపంలోనే ఉండాలనీ, ఛాసిస్, బాడీ, ఇంజన్ విషయంలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదనీ ఉంది. స్టార్టర్ స్విచ్ ఆ జాబితాలో లేదు, నిజమే. కానీ ‘వీఏ’ అక్షరాల నంబరు ప్లేటు కోసం 20,000 రూపాయల ఫీజు కట్టాలనుకునేవాళ్లు డాష్‌బోర్డుకు డ్రిల్లు పెట్టకుండా ఉంటేనే నయం. కాబట్టి నేను పెట్టుకున్న షరతులు రెండే: కొత్త కన్నం ఒక్కటి కూడా పడకూడదు, అరగంటలో అంతా మళ్లీ పాతలా బిగించగలగాలి.

మొదట చేసింది చెబుతాను. అది తప్పు దారి, అయినా చాలామందికి తట్టే దారే. పాత స్విచ్ విప్పేసి, దాని చోట బైకుల వెనక బ్రేకు లైటు స్విచ్ పెట్టాను. కొక్కెం, స్ప్రింగుతో వస్తుందే, పెడల్ తొక్కితే లాగేది, అదే. వంద రూపాయల లోపు వస్తువు. లాగితే ఆన్, వదిలితే ఆఫ్, కొక్కేనికి ఉన్న స్ప్రింగు వల్ల నాబ్ ఎక్కువ లాగినా స్విచ్ తెగదు. మన నాబ్ కోసమే చేశారా అనిపిస్తుంది. అది 21 వాట్ల బల్బుకు, అంటే రెండు ఆంపియర్లలోపు కరెంటుకు చేసింది కాబట్టి మధ్యలో నాలుగు పిన్నుల 30 ఆంపియర్ల రిలే పెట్టి, రిలేతో సోలనాయిడ్‌ను లాగించాను. కరెంటు లెక్క ప్రకారం ఎక్కడా తప్పు లేదు.

తప్పు తీగలో ఉంది. పాత స్విచ్ లోపలి స్ప్రింగు నాబ్‌ను వెనక్కి గుంజే పని కూడా చేస్తుంది. బైకు స్విచ్ స్ప్రింగు సన్నం. అరవై ఏళ్ల తీగ, లోపల జిడ్డు, దుమ్ము. నాబ్ వదిలితే ముప్పావు వంతు వెనక్కి వెళ్లి అక్కడే ఆగింది. రిలే ఆన్‌లోనే ఉండిపోయింది, సోలనాయిడ్ కూడా. ఇంజన్ అందుకోగానే బెండిక్స్ పినియన్ (సెల్ఫ్ మోటారు ఇరుసు మీద ఉండి ఇంజన్‌ను తిప్పే చిన్న పళ్ల చక్రం) ఫ్లైవీల్ పళ్లను వదిలి వెనక్కి వచ్చేసింది గానీ మోటారుకు కరెంటు ఆగలేదు. ఇది సిరీస్ మోటారు. లోడు లేకుండా వదిలితే దాని వేగానికి హద్దు ఉండదు, ఆర్మేచర్ చుట్లు బయటికి విసురుకుపోయే దాకా పెరుగుతుంది. ఇంజన్ చప్పుడులో ఆ సన్నటి ఈల సరిగ్గా వినపడదు కూడా. నాకు వినపడింది, నాబ్‌ను చేత్తో లోపలికి నెట్టాను, మోటారు బతికింది.

అప్పుడు తోచింది: ఆ పాత స్విచ్ చెడ్డది కాదు, దాని మీద వేసిన భారమే ఎక్కువ. 150 ఆంపియర్లకు పనికిరాని కాంటాక్టు మూడు ఆంపియర్లకు బ్రహ్మాండంగా పనికొస్తుంది. దాని స్ప్రింగు, మీట, తీగ, లాగితే చివర్లో చేతికి తగిలే ఆ ‘టప్’, అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. లావు కేబుళ్లు రెండూ దాని మీది నుంచి తీసి సోలనాయిడ్‌కు వేయాలి, పాత స్విచ్‌కు రెండు సన్న వైర్లు వేయాలి. బైకు స్విచ్ వద్దు, రిలే కూడా వద్దు.

సామాను దగ్గరికొస్తే, సోలనాయిడ్ సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరికింది. పాత అంబాసిడర్ పెట్రోల్ బండ్లకు వేసే తరహా, రెండు లావు బోల్టులు, ఒక చిన్న టెర్మినల్, అడుగున రబ్బరు గుండీ ఉన్నది అడగండి. ఆ గుండీ నొక్కితే సోలనాయిడ్ చేత్తోనే కలుస్తుంది, తర్వాత బాగా పనికొస్తుంది. ‘అన్నీ ఒకటే అన్నా’ అని కౌంటర్ మీద మూడు రకాలు పెడతారు. ఒకటి కావు. బయటికి అన్నీ ఒకే డబ్బాలా ఉంటాయి, తేడా మీటరుకే తెలుస్తుంది. షాపులోనే ఓమ్స్ మీద పెట్టి చూడండి. చిన్న టెర్మినల్‌కు, బాడీకి మధ్య మూడు నుంచి ఐదు ఓమ్స్ వస్తే మనకు కావలసింది. నాది 4.1 చూపించింది, అంటే సుమారు మూడు ఆంపియర్లు. పదికి పైన చూపిస్తే అది గంటల తరబడి ఆన్‌లో ఉంచే రకం. దాని కాంటాక్టులు సాధారణంగా సెల్ఫ్ మోటారు దెబ్బకు ఆగవు. చిన్న టెర్మినల్‌కు, బాడీకి మధ్య అసలు ఏమీ చూపించకపోతే రెండు సంగతుల్లో ఒకటి: కాయిల్ రెండు కొసలూ విడిగా బయటికి తెచ్చిన రకం, లేదా మీరు పట్టుకున్నది తప్పు టెర్మినల్. రెండు చిన్న టెర్మినళ్లు ఉన్నవాటిలో ఒకటి సెల్ఫ్ తిరిగేటప్పుడు ఇగ్నిషన్ కాయిల్‌కు నేరుగా కరెంటిచ్చేది. మనకు దాంతో పని లేదు, ఖాళీగా వదిలి టేపు చుట్టేయండి. నేను తెచ్చిన మొదటి సోలనాయిడ్‌లో ఆ రెండూ తారుమారుగా గుర్తులు వేసి ఉన్నాయి. మీటరు లేకపోతే ఒక పూట పోయేది.

లావు కేబులు కొత్తది అక్కర్లేకుండా చూసుకోవడమే మేలు. అసలు రూపానికి రావడం సులువవుతుంది. సోలనాయిడ్‌ను పాత స్విచ్ పక్కనే పెడితే బ్యాటరీ నుంచి వచ్చే కేబులు, మోటారుకు పోయే కేబులు రెండూ అందుతాయి. నాకు మోటారు వైపుది నాలుగు సెంటీమీటర్లు తక్కువైంది. పాతది చుట్టి దాచిపెట్టి, 35 చదరపు మిల్లీమీటర్ల వెల్డింగ్ కేబులుతో కొత్తది చేయించాను. థింబుల్స్ (కేబులు కొసలకు తొడిగే లోహపు రింగులు) హైడ్రాలిక్ ప్రెస్సుతో నొక్కించండి. సుత్తితో కొట్టి పైన సోల్డరు పోసేవాళ్లు ఉన్నారు. కేబులు వేడెక్కితే ఆ సోల్డరు మెత్తబడుతుంది, థింబుల్ వదులవుతుంది, వదులైతే ఇంకా వేడెక్కుతుంది.

సన్న వైరు 2.5 చదరపు మిల్లీమీటర్లది, ఆటో వైరే కొనండి. ట్రూప్ బజార్‌లో ఇంటి వైరింగుకు వాడే రకం మీటర్ల లెక్కన చేతికిస్తారు. దాని పోగులు లావు, బండి అదురుడుకు టెర్మినల్ దగ్గర ఒక్కొక్కటే తెగుతాయి. రంగు విషయంలో పాత ఇంగ్లిషు బండ్ల పద్ధతి వేరు: బ్రౌన్ నేరుగా బ్యాటరీది, తెలుపు తాళం తిప్పాక వచ్చేది, ఆకుపచ్చ తాళం తర్వాత ఫ్యూజు దాటినది, నలుపు ఎర్త్. సోలనాయిడ్‌కు పోయేది తెలుపు మీద ఎరుపు గీత. ఆ గీతల వైరు విడిగా దొరకలేదు. తెల్ల వైరు కొసలకు ఎర్ర స్లీవు తొడిగాను, రేపు ఇంకొకరు బానెట్ తీసినా అర్థమవుతుంది.

ఇక బ్యాటరీ విప్పడం. మోరిస్ మైనర్‌కు ప్లస్సే ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ పోస్టే బాడీకి కలిసి ఉంటుంది. ఈనాటి బండ్ల అలవాటుతో ‘ముందు మైనస్ తీయాలి’ అని స్పానర్ మైనస్ మీద పెడితే, స్పానర్ రెండో కొస బానెట్‌కు తగిలిన మరుక్షణం వెల్డింగే. సూత్రం ముందు ఎర్త్ తీయడం, అంతే. ఈ బండిలో ఎర్త్ ప్లస్సు. బ్యాటరీ కటాఫ్ స్విచ్ బిగించాలన్నా ఇదే తిరకాసు. ఆకుపచ్చ గుండ్రటి నాబ్‌తో వచ్చే రకం మైనస్ పోస్టు కొలతకు చేస్తారు, ప్లస్ పోస్టు దానికన్నా లావు. దాని మీద ఎక్కదు. క్లాంప్ లోపల ఆకురాయితో కొంచెం కొంచెం పట్టి వెడల్పు చేసుకున్నాను. బ్యాటరీ పోస్టును మాత్రం గీకొద్దు.

పాత స్విచ్ శుభ్రం చేయడం ఈ పని మొత్తంలో ఓపిక అడిగే భాగం. మూత జాగ్రత్తగా విప్పితే రాగి పట్టీ, స్ప్రింగు బయటికి వస్తాయి. ఏది ఏ వైపు ఉందో ఫోన్లో ఫోటో తీసుకోండి. కాంటాక్టుల మీది మసి ముందు పెట్రోలు గుడ్డతో తుడవాలి. తర్వాత సన్న ఆకురాయి, తర్వాత 400 నంబరు ఎమరీ కాగితం, చివరికి 800. గుంటలన్నీ మాయమయ్యేదాకా అరగదీయాలని లేదు, మూడు ఆంపియర్లకు అంత తళుకు అక్కర్లేదు. కానీ ఒక మెలిక ఉంది. లావు కరెంటు పోయినప్పుడు ఆ రవ్వల వేడికే కాంటాక్టు మీది ఆక్సైడు పొర కాలిపోతూ ఉండేది. సన్న కరెంటుకు ఆ బలం లేదు. పొర పేరుకుంటే స్విచ్ కలిసినట్టే కనిపిస్తుంది గానీ కరెంటు పారదు. అందుకే ఇప్పుడు శుభ్రం ఇంతకుముందుకన్నా ఎక్కువ ముఖ్యం. గ్రీజు పూయకండి, మీట ఇరుసుకు మాత్రం ఒక చుక్క నూనె. బిగించాక రెండు బోల్టుల్లో ఏదీ బాడీకి తగలడం లేదని ఓమ్స్ మీద చూసుకోండి.

తీగను కూడా వదలొద్దు. డాష్‌బోర్డు వైపు కొసను పైకెత్తి కట్టి, తొడుగులోకి కుట్టుమిషను నూనె చుక్కలు చుక్కలుగా పోస్తూ రాత్రంతా ఉంచాను. పొద్దుటికి కింది కొస నుంచి నల్లటి రసం కారింది. దాని తర్వాత నాబ్ వదిలితే తుపాకీ మీటలా వెనక్కి కొట్టింది.

సోలనాయిడ్ నిలబెట్టడానికి 3 మిల్లీమీటర్ల మందం, 25 మిల్లీమీటర్ల వెడల్పు ఇనప పట్టీ ముక్క తీసుకుని, పాత స్విచ్ బోల్టుల కిందే దాన్ని ఇరికించి, పక్కకు ఏడు సెంటీమీటర్లు బయటికి తెచ్చి అక్కడ సోలనాయిడ్ బిగించాను. కొత్త కన్నం పట్టీకే పడింది, బండికి కాదు. పట్టీ తుప్పు పట్టకూడదని పెయింటు వేయించాను. అదే నన్ను తిప్పలు పెట్టింది. అంతా కలిపి నాబ్ లాగితే చిన్న ‘టిక్’ కూడా లేదు. ఈ రకం సోలనాయిడ్ కాయిల్‌కు ఎర్త్ దాని సొంత బాడీ నుంచే రావాలి. సోలనాయిడ్‌కు పట్టీకి మధ్య పెయింటు, పట్టీకి రేకుకు మధ్య పెయింటు, ఎర్త్ ఎక్కణ్నుంచి వస్తుంది? బోల్టుల కింద పెయింటు గీకి పళ్ల వాషర్లు వేశాను. నమ్మకం చాలక సోలనాయిడ్ బోల్టు నుంచి ఎర్త్ బోల్టుకు ఒక నల్ల వైరు కూడా విడిగా లాగాను.

బోల్టుల గురించి ఒక మాట. పాత స్విచ్ బోల్టులు, సెల్ఫ్ మోటారు బోల్టు అంగుళాల మరలు. ఇప్పుడు దొరికే సోలనాయిడ్లకు చాలావరకు ఎం8. 5/16 అంగుళం అంటే 7.94 మిల్లీమీటర్లు, ఎం8కి కంటికి కనపడే తేడా లేదు. నట్టు రెండు చుట్లు హాయిగా ఎక్కుతుంది, మూడో చుట్టుకు పట్టేస్తుంది. అక్కడ బలం చూపిస్తే మర పోతుంది. ఏ నట్టు ఏ బోల్టుదో విప్పేటప్పుడే దాని మీదే తిరిగి ఎక్కించి ఉంచడం ఉత్తమం. లావు బోల్టులకు కింద ఉన్న నట్టును ఒక స్పానర్‌తో పట్టుకుని పై నట్టును రెండో స్పానర్‌తో బిగించాలి. ఒక్క స్పానర్‌తో బిగిస్తే బోల్టే తిరిగి లోపలి కాంటాక్టు వంకర పోతుంది.

వైరింగు ఇలా వచ్చింది. బ్యాటరీ మైనస్ నుంచి వచ్చే లావు కేబులు సోలనాయిడ్ మొదటి బోల్టుకు. పాత స్విచ్‌లో ఆ కేబులుతో పాటు ఒక లావుపాటి బ్రౌన్ వైరు కూడా ఉంటుంది, కటౌట్ డబ్బాకు (బ్యాటరీ ఛార్జింగును అదుపు చేసేది) పోయేది. బండి మొత్తానికి కరెంటు దాని నుంచే. అదీ ఇదే బోల్టుకు రావాలి. దాన్ని పొరపాటున రెండో బోల్టుకు వేస్తే లైట్లు, హారను, ఇగ్నిషన్ ఏవీ ఉండవు, బండి చచ్చినట్టు పడి ఉంటుంది. రెండో బోల్టు నుంచి సెల్ఫ్ మోటారుకు. ఫ్యూజు బాక్సులో ఏ1, ఏ2, ఏ3, ఏ4 అని నాలుగు గుర్తులుంటాయి. తెల్ల వైర్లు ఉండే ఏ3 నుంచి 10 ఆంపియర్ల విడి ఫ్యూజు దాటించి పాత స్విచ్ ఒక బోల్టుకు, రెండో బోల్టు నుంచి సోలనాయిడ్ చిన్న టెర్మినల్‌కు. ఆకుపచ్చ వైర్లుండే ఏ4 నుంచి తీసుకోవచ్చు గదా అంటే, వైపరు మోటారు పట్టేసి ఆ ఫ్యూజు పోయిన రోజు సెల్ఫ్ కూడా పోతుంది. అందుకని ఏ3.

ఏ3 నుంచి తీసుకోవడంలో ఇంకో లాభం ఉంది, నాకు అసలైన లాభం అదే అనిపిస్తుంది. ముందు బండిలో తాళం లేకపోయినా నాబ్ లాగితే సెల్ఫ్ తిరిగేది. గేరులో ఉంటే బండి ముందుకు గెంతుతుంది. ఎగ్జిబిషన్‌లో పెట్టిన బండిలో ఎవరి పిల్లాడో కూర్చుని నాబ్ లాగితే ఏమవుతుందో ఊహించుకోండి. ఇప్పుడు తాళం ఆన్‌లో ఉంటేనే నాబ్‌కు ప్రాణం. తాళం తిప్పగానే ఎస్‌యూ పెట్రోలు పంపు టిక్ టిక్ మంటుంది. ఆ చప్పుడు ఆగాక నాబ్ లాగండి, కార్బురేటర్ నిండి ఉంటుంది, ఊరికే తిప్పాల్సిన పని ఉండదు.

డయోడు (కరెంటును ఒకే వైపు పోనిచ్చే చిన్న భాగం) దగ్గర నేను ఫ్యూజు కాల్చుకున్నాను. సోలనాయిడ్ కాయిల్ ఆఫ్ అయ్యేటప్పుడు ఎదురు వోల్టేజీ తన్ని పాత స్విచ్ కాంటాక్టు మీద చిన్న రవ్వ పుట్టిస్తుంది. కష్టపడి 800 నంబరు పట్టిన రాగి మళ్లీ నల్లబడకుండా గుజరాతీ గల్లీలో 1ఎన్5408 డయోడు తెచ్చి కాయిల్‌కు అడ్డంగా వేశాను. ఏ బొమ్మలో చూసినా డయోడు గీత ఉన్న కొస సోలనాయిడ్ చిన్న టెర్మినల్‌కు, రెండోది బాడీకి అని ఉంటుంది. అవన్నీ మైనస్ ఎర్త్ బండ్ల బొమ్మలు. నేనూ అలాగే వేసి నాబ్ లాగాను, 10 ఆంపియర్ల ఫ్యూజు ఠప్పున పోయింది. ప్లస్ ఎర్త్ బండిలో బాడీ ప్లస్సు, కాబట్టి గీత ఉన్న కొస బాడీకి, గీత లేనిది చిన్న టెర్మినల్‌కు. తిప్పి వేశాక మళ్లీ ఆ గొడవ రాలేదు. డయోడు వల్ల సోలనాయిడ్ వదలడం రెప్పపాటు ఆలస్యమవుతుంది. బెండిక్స్ పినియన్ ఇంజన్ అందుకోగానే తనంతట తానే వెనక్కి వస్తుంది కాబట్టి ఇక్కడ దానితో ఇబ్బంది లేదు.

కలిపాక మళ్లీ మీటరు. ఈసారి తాళం ఆన్ చేస్తేనే సెల్ఫ్ తిరుగుతుంది, కాబట్టి ఇంజన్ అందుకోకుండా ఇగ్నిషన్ కాయిల్ మీద ‘ఎస్‌డబ్ల్యూ’ అని రాసి ఉన్న టెర్మినల్ నుంచి తెల్ల వైరు తీసి టేపు చుట్టాలి. బ్యాటరీ దగ్గర 10.0, మోటారు దగ్గర 9.4. బ్యాటరీ దగ్గర ఒక పాయింటు తగ్గడం మంచి గుర్తే, మోటారు ఇప్పుడు ఎక్కువ కరెంటు తీసుకుంటోంది. సోలనాయిడ్ మీద పోయేది 0.15, కేబుళ్లలో 0.2, ఎర్త్‌లో 0.25. చెవికి కూడా తెలుస్తుంది, మూలుగు పోయి ‘గిర్రు’మంటుంది.

ఎర్త్ వైపు మీకు అర వోల్టు కంటే ఎక్కువ వస్తే సోలనాయిడ్ ఎంత మంచిది వేసినా దండగ. ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుని ఉంటుంది. గేరుబాక్సు నుంచి బాడీకి ఒక అల్లిన రాగి పట్టీ ఉండాలి. క్లచ్ పని చేసినప్పుడు విప్పి మళ్లీ బిగించడం మర్చిపోయే పట్టీ అదే. అది లేకపోతే కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది, అంటే చోక్ తీగ, యాక్సిలరేటర్ తీగ. సెల్ఫ్ కొట్టాక చోక్ నాబ్ వేడిగా తగిలితే ముందు బండి కిందికి వెళ్లి ఆ పట్టీ చూడండి.

నాబ్ లాగితే టకటకటకమని సోలనాయిడ్ కొట్టుకుంటే దాన్ని తిట్టొద్దు. బ్యాటరీ బలహీనంగా ఉంటే సోలనాయిడ్ కలవగానే వోల్టేజీ పడిపోతుంది, కాయిల్ వదిలేస్తుంది, భారం తప్పగానే వోల్టేజీ లేస్తుంది, మళ్లీ పడుతుంది. బ్యాటరీ మంచిదే అయితే తాళం స్విచ్ చూడాలి. ఇగ్నిషన్ కాయిల్ కరెంటుకు తోడు మన మూడు ఆంపియర్లు కూడా దాని మీదే పడ్డాయి. సెల్ఫ్ తిరిగేటప్పుడు ఏ1కూ ఏ3కీ మధ్య అర వోల్టు దాటితే దాని కాంటాక్టులు అరిగాయన్నట్టు. అప్పుడు మాత్రం రిలే పెట్టుకోవడంలో అర్థముంది. పక్కన చిన్న డయోడు బొమ్మ ఉన్న రిలే తీసుకోకండి, దాని కాయిల్ పిన్నులు 85, 86 ప్లస్ ఎర్త్‌లో తిరగబడి ఇందాకటి ఫ్యూజు కథే మళ్లీ మొదలవుతుంది.

మోటారు తిరిగే ‘జుయ్’ మాత్రమే వినిపించి ఇంజన్ కదలకపోతే అది స్విచ్ పని కాదు, బెండిక్స్ మర మీద దుమ్ము గట్టిపడింది. కిరోసిన్‌తో కడిగి పొడిగా ఉంచాలి. నూనె పూస్తే హైదరాబాద్ దుమ్మంతా దానికే అంటుకుంటుంది. ‘ఠక్’ అని ఒక్క దెబ్బతో ఆగిపోతే పినియన్ పళ్లలో ఇరుక్కుంది. మళ్లీ మళ్లీ లాగొద్దు, 400 ఆంపియర్లు పారేది అప్పుడే. తాళం తీసేసి, టాప్ గేరులో వేసి బండిని ముందుకూ వెనక్కూ ఊపితే వదులుతుంది. వదలకపోతే సెల్ఫ్ మోటారు కొసన ఉన్న చతురస్రపు ఇరుసును స్పానర్‌తో తిప్పాలి.

నెలల తరబడి షెడ్డులో ఉన్న బండిని తీసేటప్పుడు ఇంజన్ అందుకోకుండా ముందు నూనె పైకెక్కించాలి. పాత అమరికలో తాళం లేకుండా నాబ్ లాగితే సరిపోయేది, ఇప్పుడు ఆ వీలు పోయింది. ఆ పనికే సోలనాయిడ్ అడుగున ఉన్న రబ్బరు గుండీ. తాళం ఆఫ్‌లో ఉంచి బానెట్ పక్కన నిలబడి నొక్కితే చాలు. ట్యాపెట్లు సరిచేసేటప్పుడు కూడా ఒక్కరే పని చేసుకోవచ్చు. ఆ గుండీకి తాళంతో సంబంధం లేదు, గేరుతో అసలే లేదు. బండి గేరులో ఉండగా నొక్కితే నిలబడ్డ మనిషి మీదికే వస్తుంది. హ్యాండ్‌బ్రేకు లాగి, న్యూట్రల్ చూసుకుని, చక్రానికి ఇటుక పెట్టాకే నొక్కండి.

సుమారు 500 కిలోమీటర్ల తర్వాత లావు నట్లన్నీ ఇంకోసారి చూశాను. మోటారు వైపు కొత్త థింబుల్ దగ్గర నట్టు పావు చుట్టు తిరిగింది, రాగి కొత్తగా నలిగి సర్దుకుంటుంది. మిగతావి కదల్లేదు. విప్పిన పాత కేబులు, వైరింగు బొమ్మ గీసిన కాగితం, రెండు విడి ఫ్యూజులు ఒక ప్లాస్టిక్ కవర్లో చుట్టి డిక్కీలో స్టెప్నీ పక్కన పెట్టాను.